బుట్టలో ఉందిలే

మొదట్లో భానుప్రియ అది బల్లి అనుకుంది.

గోడ క్యాలెండరు వెనకనుంచి వచ్చినట్టే వచ్చేది చప్పుడు. టక్. కాసేపాగి మళ్ళీ టక్, టక్. అది వినబడ్డప్పుడల్లా ఆమె చేస్తున్న పని ఆపేసి, వేలితో నేలను తట్టి "కృష్ణ, కృష్ణ" అనుకునేది. పుట్టింట్లో అమ్మ అలాగే చేసేది. పిల్ల గురించి ఏ ఆలోచన మనసులో ఉండగా బల్లి పలికిందో గుర్తు చేసుకుని, అది మంచికా, చెడుకా అని గింజుకునేది. చీపురు తిరగేసి క్యాలెండరు వెనక కెలికింది. బల్లి లేదు. బీరువా వెనకా లేదు. చివరికి ఒక మధ్యాహ్నం, మొగుడు కన్నబాబు రాత్రి డ్యూటీ చేసొచ్చి గుర్రుపెట్టి నిద్రపోతుంటే, పిల్లిలా గదంతా తిరిగి, చెవి ఆనించి ఆనించి చూసి, బల్లి ఎక్కడుందో కనిపెట్టింది. అది లాప్‌టాప్ కడుపులో ఉంది.

ఆమె చప్పున చెవి వెనక్కి తీసుకుంది.

లాప్‌టాప్ కొని ఏడాది తిరగలేదు. దసరా ఆఫర్లో వాయిదాల మీద తెచ్చాడు కన్నబాబు. మూత మీద అంటించి వచ్చిన ప్లాస్టిక్ కాగితాన్ని ఇప్పటికీ ఊడదీయనివ్వడు. ఆయుధపూజ నాడు ఆమె పెట్టిన కుంకుమ బొట్టు ఆ కాగితం మీద చారగా మిగిలే ఉంది. అట్టపెట్టె మంచం కింద అలాగే ఉంది. అంత కొత్త వస్తువు కడుపులో చప్పుడేమిటి? కొట్టువాడు పాతదానికి కొత్త చొక్కా తొడిగి అంటగట్టాడా? లేక ఇంట్లో ఎవరైనా దాన్ని ఏమైనా చేశారా? భానుప్రియకు అనుమానం ఎప్పుడూ ఒంటరిగా రాదు, తోడు తెచ్చుకుంటుంది. ఇంట్లో ఉన్నది తనూ, మొగుడూ, నాలుగేళ్ళ సాయిదుర్గానూ. మరి "ఎవరైనా" అంటే ఎవరు? ఆ ప్రశ్నను అక్కడికక్కడే మడిచి లోపల దాచుకుంది.

"ఏవండీ, లాప్‌టాప్ కడుపులో ఏదో కొట్టుకుంటోంది" అని అతన్ని కుదిపింది.

"కంప్యూటరుకి కడుపేటే? ఫ్యాను అయ్యుంటాది. పడుకోనీ."

సాయంత్రం అతను మూత తెరిచేసరికి తెరంతా నీలంగా మారి, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరాయి. ఆపి మళ్ళీ వేస్తే చాలాసేపటికి మూలుగుతూ లేచింది. కన్నబాబు కంపెనీకి ఫోన్ చేసి, ఇంగ్లీషులో మాట్లాడి, నిశ్చింతగా పెట్టేశాడు.

"హార్డ్ డిస్కు పోతోందట. సోమవారం మనిషొచ్చి కొత్తది వేసీస్తాడు. వారంటీ ఉంది కదా, ఊరికే."

"మరి పాతది?"

"పట్టుకుపోతారు."

"అందులో ఉన్నవి?"

"అందులో ఏటున్నాయే? నాలుగు ఫొటోలు. మళ్ళీ తీయించుకుందాం." ఆ మాట అంటూ అతను ఆమె వైపు చూడలేదు. బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆఫీసు బండి సందు చివర హారన్ కొట్టకుండానే లేసులు కట్టుకోవడం అతని అలవాటు కాదు.

అందులో ఏముందో ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు.

సాయి మధ్య మధ్య ఆగిపోతుంది. అంతకన్నా వేరే మాట భానుప్రియకు దొరకలేదు. ఆడుతూ ఆడుతూ చెయ్యి గాల్లో ఉండగానే ఆగుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, వాటి వెనక పిల్ల ఉండదు. మళ్ళీ ఏమీ ఎరగనట్టు వచ్చి, ఎక్కడ వదిలిందో అక్కడినుంచే ఆట మొదలుపెడుతుంది. నెలకోసారి, రెండు నెలలకోసారి. చూసింది తల్లి ఒక్కతే. స్కూలు టీచరు "పాప కలలు కంటుందండీ" అని నవ్వింది. ఊళ్ళోంచి అత్తగారు ముసలమ్మ ఫోన్లో "గుంటకి దిష్టి, ఉప్పు తిప్పీయ్" అంది. కన్నబాబు మాత్రం "నీకు బెంగెక్కువ" అన్నాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాని మాటకు ఎదురుగా అందరి దగ్గరా ఏదో ఒక జవాబు తయారుగానే ఉంది.

పిల్లల డాక్టరు ఒక్కడే నవ్వలేదు. "చూడకుండా నేనేమీ చెప్పలేనమ్మా. ఈసారి వచ్చినప్పుడు వీడియో తీయండి. అది చూశాకే తలకు పరీక్షలు రాయాలో వద్దో తేల్చుకుందాం" అన్నాడు.

కన్నబాబు ఆఫీసులో సదాశివ అనే స్నేహితుడి దగ్గర కెమెరా అడిగి తెప్పించుకుంది. తాయెత్తులా మెళ్ళో వేసుకుని తిరిగింది. వంటలోనూ అదే, బట్టలుతికేటప్పుడూ అదే. కింద ఉండే ఇంటావిడ ఆలిస్ ఆంటీ "ఏమ్మా, పేపర్లో చేరావా?" అని వేళాకోళమాడినా మెళ్ళోంచి తీయలేదు. ఆఖరికి ఒక పొద్దున్న పసుపు గౌను వేసుకుని ఉప్మా తింటూ పిల్ల ఆగిపోయింది. చెంచా నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. భానుప్రియ అంతా తీసింది.

ఆ వీడియో కన్నబాబు లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక్కడే చూశాడు. చూశాక "నిద్దరొచ్చిందే దానికి" అన్నాడు. కెమెరాలో ఉన్నవన్నీ చెరిపేసి సదాశివకు తిరిగిచ్చేశాడు. అప్పుడు ఆమె అతని వెనకే నిలబడి ఉంది. పసుపు గౌను బొమ్మను వేలితో లాక్కుంటూ తీసుకెళ్ళి తెర మూలనున్న చిన్న బుట్ట బొమ్మ మీద వదలడం కళ్ళారా చూసింది.

"ఎక్కడ పెట్టారండీ?"

"బుట్టలో ఉందిలే."

అప్పుడు ఆమె మనసు కుదుటపడింది. తెర నిండా ఎన్నో పచ్చ డబ్బాలున్నాయి, ఆఫీసువీ అవీ. వాటిలో కలిపేయకుండా విడిగా బుట్టలో పెట్టాడు కదా. అమ్మ కూడా పెళ్ళిచీర బీరువాలో పెట్టేది కాదు, అటక మీద తాటాకు బుట్టలోనే దాచేది. కానీ ఇప్పుడు బల్లి పలుకుతోంది. సోమవారం పొద్దున్న డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అదే సోమవారం కంపెనీ మనిషొచ్చి డిస్కు పట్టుకుపోతాడు. రెండూ ఒక్కరోజే ఎలా పడ్డాయి?

శనివారం కన్నబాబు నిద్రపోగానే ఆమె కిందికి దిగి ఆలిస్ ఆంటీని అడిగింది.

"కార్ఖానా ఏరియాలో కంప్యూటర్లు బాగుచేసే సాదిక్ ఉన్నాడు కదమ్మా. మా చర్చి మైకు సెట్టు అతనే చూస్తాడు. నోరెక్కువ గానీ పని బాగానే చేస్తాడు."

నోరెక్కువ అనడమే భానుప్రియకు నచ్చలేదు. అయినా లాప్‌టాప్‌ను పిల్ల తువ్వాల్లో చుట్టి, బోయిన్‌పల్లి మార్కెట్టుకు తీసుకెళ్ళే కూరల సంచిలో పెట్టింది. ఎవరికీ అనుమానం రాకుండా పైన ఒక కొత్తిమీర కట్ట పరిచింది. సాయి చెయ్యి పట్టుకుని, చిలకలగూడ సందు చివర ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆటోవాడు అద్దంలోంచి సంచినే చూస్తున్నట్టు తోచింది.

సాదిక్ కొట్టు మెట్ల కింద చిన్న గది. గోడల నిండా విప్పదీసిన మిషన్లు, పేగుల్లా వేలాడుతున్న వైర్లు. అతను సోంపు నములుతూ సంచి విప్పి, కొత్తిమీర కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందక్కా గిది? లాప్‌టాప్ బనాయించాల్నా, చట్నీ రుబ్బాల్నా?"

సాయి పకపకా నవ్వింది. భానుప్రియ నవ్వలేదు. సాదిక్ లాప్‌టాప్‌కు చెవి ఆనించాడు. నవ్వు మానేశాడు.

"హార్డ్ డిస్క్ ఖరాబయితుంది. జెర జెర ఊపిరుంది ఇంక. మీరు పరేషాన్ గాకుండ్రి. ముందుగాల డూప్లికేట్ తీస్త, అసల్ది పక్కకు పెడ్త."

ఇదిగో, అనుకున్నంతా అయింది. పోయిన ఏడు ఫుట్‌పాత్ మీద కొన్న గ్యాసు ట్యూబు డూప్లికేటని తేలేదాకా ఇల్లంతా కంపు కొట్టింది. ఈ మనిషి దాపరికం కూడా లేకుండా మొహం మీదే చెబుతున్నాడు. డూప్లికేటు వేస్తాడట, అసలుది తను ఉంచేసుకుంటాడట.

"డూప్లికేటు వద్దు బాబూ. మా ఒరిజినలే మాకుండాలి."

"ఒరిజినల్ మీద పని చేస్తే సచ్చిపోతది అక్కా! గందుకే డూప్లికేట్."

"నాకు చదువు లేదు గానీ మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు. మీ డూప్లికేటు మీ దగ్గరే ఉంచుకోండి."

సాదిక్ నెత్తి గోక్కున్నాడు. "అరె, నేనేం తిట్టిన్నా? సరే తియ్, డూప్లికేట్ బంద్. ఒక్కొక్కటే బయటికి గుంజుత. దినమంతా పడ్తది, పొయ్యి సాయంత్రం రాండ్రి."

"వెళ్ళను. ఇక్కడే కూచుంటాను."

"కూసోండ్రి. ఒక్కటి చెప్తున్న, ఈ స్టిక్కర్ చింపితే కంపెనీ వారంటీ పోతది. మీ ఇంటాయనకు ఎరికేనా?"

వెనుదిరిగిపోవడానికి దారి ఉన్నది అక్కడివరకే. కన్నబాబు మొహం ఒకసారి కళ్ళ ముందు కదిలింది, లేసులు కట్టుకుంటూ తల వంచుకున్న మొహం.

"చింపండి" అంది.

అతను వెనక మూత విప్పి, అరచేతిలో పట్టేంత బిళ్ళ బయటికి తీసి, తన కంప్యూటరుకు వైరుతో తగిలించాడు. ఊడదీసిన మరమేకులన్నీ భానుప్రియ తన కొంగులో పోయించుకుంది.

"ఎప్పుడు బందయితదో తెల్వదు. ముఖ్యమైంది ఏదో చెప్పుండ్రి అక్కా, అది ముందుగాల తీస్త. ఏమున్నయి లోపల?"

ఏమున్నాయని ఎందుకు అడుగుతాడు? ఆడపిల్లకు ఇలాంటి జబ్బుందని ఒకసారి బయటికి పొక్కితే అది పిల్ల పేరుకు ముందు ఇంటిపేరులా అంటుకుపోతుంది. ఇతనికి చెప్తే ఇతను ఆలిస్ ఆంటీకి, ఆవిడ చర్చికంతా. భానుప్రియ పిల్లను ఒడిలోకి లాక్కుంది.

"ఫొటోలు" అంది. "ఫొటోలే."

సాదిక్ ఫొటోల డబ్బా తెరిచాడు. ఆకుపచ్చ గీత ఒకటి నత్తలా పాకసాగింది. ఒక్కో ఫొటోకు లోపల బల్లి పలికింది. టక్. భానుప్రియ వేలు దానంతటదే బల్లను తట్టింది. "కృష్ణ, కృష్ణ." టక్. మరిది పెళ్ళిలో ఎవరిదో వీపు. టక్. కన్నబాబు ఆఫీసు పిక్నిక్కు. టక్, టక్. మళ్ళీ పిక్నిక్కు. తాడు లాగే పోటీ. సదాశివ ఐస్‌క్రీము తింటున్నాడు. ఇంకో కోణంలోంచి అదే ఐస్‌క్రీము. గీత చాలాసేపు ఒకేచోట నిలబడిపోయింది. బిళ్ళ లోపల ఏదో గీరుకున్నట్టు చప్పుడు.

"పోతుందక్కా" అన్నాడు సాదిక్ మెల్లగా. "అయిపోవట్టింది."

ఉన్న కాస్త ఊపిరీ సదాశివ ఐస్‌క్రీముకు ఖర్చయిపోతోంది. భానుప్రియ ఇక ఆగలేకపోయింది.

"ఆపండి! ఇవి కాదు, ఇవేవీ అక్కర్లేదు. వీడియో ఒకటుంది. మా పాపది."

"బర్త్‌డేదా?"

"కాదు." ఆమె పిల్ల చెవులు రెండూ చేతులతో మూసింది. "మా పాప... ఒక్కోసారి ఉండదు బాబూ."

"ఉండదంటే? ఎక్కడికి పోతది?"

"ఎక్కడికీ పోదు. ఇక్కడే ఉంటుంది. కానీ ఉండదు. డాక్టరుకి చూపించాలి. సోమవారం."

సాదిక్ సాయి వైపు ఒకసారి చూసి, సోంపు నమలడం మానేశాడు. "ఫైల్ పేరేంది?"

"పేరు తెలీదు. పసుపు గౌను ఉంటుంది. ఎక్కడ పెట్టారో మాత్రం తెలుసు, నేను వెనకే నిలబడి చూశాను." అతని కంప్యూటరు తెర మీద కూడా మూలన అలాంటి బుట్టే ఉంది. ఆమె సంబరంగా వేలు పెట్టి చూపింది. "అదిగో, అలాంటి బుట్టలోనే. భద్రంగా ఉంటుందని మా ఆయనే విడిగా పెట్టారు."

సాదిక్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"అక్కా... అది చెత్తబుట్ట. వద్దన్నయి పారేస్తరు అందుల."

"కాదు. భద్రంగా ఉందన్నారు."

"ఏమన్నడు? భద్రంగ అన్నడా?"

భానుప్రియ గుర్తు చేసుకుంది. అనలేదు. బుట్టలో ఉందిలే, అన్నాడంతే. భద్రం అనే మాట తను కలుపుకున్నది. ఆ మాటలో అబద్ధం లేకుండానే, కట్టుకున్నవాడు తనను నిలువునా బుట్టలో వేశాడు. ఇన్నాళ్ళూ కొట్టువాణ్ణి, ఆటోవాణ్ణి, ఎదురుగా ఉన్న ఈ మనిషిని అనుమానించింది. మడిచి దాచుకున్న ప్రశ్నను మాత్రం విప్పలేదు.

"గాబర పడకుండ్రి" అన్నాడు సాదిక్, చేతులు కీబోర్డు మీద పరిగెత్తిస్తూ. "పారేసిండు గని బుట్ట ఖాళీ చేయలే. ఖాళీ చేయకుంటే ఉంటది."

పారేసిన వాటికి అక్కడ పేర్లు మారిపోతాయట. సాదిక్ వెతికి వెతికి ఒకదాని దగ్గర ఆగాడు. "వీడియో గిదొక్కటే ఉంది." ఆకుపచ్చ గీత మళ్ళీ పాకడం మొదలుపెట్టింది. టక్. ఆమె బల్ల తట్టింది. టక్. గీత సగం దాటింది, ఆగింది, కదిలింది. టక్, టక్, టక్. ఈసారి సాదిక్ వేలు కూడా బల్ల మీద తట్టింది. "ఏందో మరి, మీరు కొట్టిండ్రని" అని సిగ్గుపడ్డాడు.

గీత చివరిదాకా వెళ్ళి మాయమైంది. తెర మీద పసుపు గౌను, ఉప్మా ప్లేటు, గాల్లో చెంచా. చిన్న స్పీకర్లోంచి భానుప్రియ గొంతే వినిపించింది. "సాయీ... అమ్మా సాయీ... నావైపు చూడమ్మా." కళ్ళు తెరిచి ఉన్న పిల్ల పలకలేదు. ఒడిలో ఉన్న సాయి మాత్రం "ఆఁ" అని పలికింది.

సాదిక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత హార్డ్ డిస్కులోంచి ఏ చప్పుడూ రాలేదు. మళ్ళీ తగిలించి చూసినా రాలేదు. బల్లి పలకడం మానేసింది.

సాదిక్ వీడియోను సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో పిల్ల ఉన్నట్టు ఎక్కడా కనబడలేదు. మళ్ళీ పెట్టించి, తెర మీద చెంచా చూశాకే నమ్మింది.

"బాబూ" అంది, మేకులు కొంగులోంచి తీసి బల్ల మీద పోస్తూ. "ఇంకోటి... డూప్లికేటు తీయండి."

సాదిక్ ఆమెను ఎగాదిగా చూశాడు. "పొద్దుగాల నన్ను దొంగను చేస్తిరి గదక్కా గా మాటకే!" అని గొణుగుతూనే తీశాడు.

ఇంటికొచ్చేసరికి కన్నబాబు లేచి, ఖాళీ బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

"లాప్‌టాప్ ఎక్కడే? గుంటని వేసుకుని ఎక్కడికెళ్ళావు?"

ఆమె సంచి కింద పెట్టింది. అతను బయటికి తీసి తిరగేసి, చిరిగిన స్టిక్కరు చూశాడు. "విప్పించీసావా? వారంటీ పోనాది తెలుసా? కంపెనీవాడికి ఏటి చెప్పాలి?"

"నాకేటి చెప్తారో అది ముందు చెప్పండి." భానుప్రియ సీడీ తీసి అతని ముందు పట్టుకుంది. "పసుపు గౌను. చెత్తబుట్టలో దొరికింది."

కన్నబాబు మంచం మీద కూలబడ్డాడు. సాయి వెళ్ళి అతని మోకాళ్ళ మధ్య నిలబడి చొక్కా బొత్తాలు పెట్టడం, తీయడం మొదలుపెట్టింది. అతను పిల్ల తల నిమిరాడు.

"నిద్దర కాదని నాకు చూడగానే తెలిసింది" అన్నాడు. "మా అప్ప అలాగే ఆగిపోయేది. కంచం ముందు కూచుని."

అతనికో అక్క ఉండేదనీ, చిన్నప్పుడే జ్వరం వచ్చి పోయిందనీ అత్తగారు చెప్పగా భానుప్రియ విన్నది. "జ్వరమన్నారు కదా?"

"జ్వరం కాదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. బడి మానిపించీశారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఊరంతా తెలిసిపోతుందన్నారు. ఒకరోజు పొయ్యి కాడ ఆగిపోనాది." అతను పిల్లను దగ్గరికి లాక్కున్నాడు. "ఆ చెంచా చూసేసరికి... లేదనుకుంటే లేకుండా పోతుందేమో అనుకున్నాను."

ఆమెకు పెద్దగా అరవాలని ఉంది, ఏడవాలనీ ఉంది. వంటింట్లోకి చూసింది. పిల్లకు అందేంత ఎత్తులోనే ఉంది గ్యాసు పొయ్యి. ఇన్నాళ్ళూ అలాగే ఉంది, ఇతనికి తెలిసి కూడా. లేచి వెళ్ళి సిలిండరు దగ్గర నాబు ఆపేసి వచ్చింది.

"చెప్పకపోతే ఏమవుతుందో మీ అప్ప చెప్పింది కదండీ" అంది. "సోమవారం నేను వెళ్తున్నాను."

"నేనూ వస్తాను."

భానుప్రియ నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయింది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ రాత్రి డ్యూటీ వల్ల అవి ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. అతను చెయ్యి చాచాడు. కాసేపు తటపటాయించి సీడీ ఆ చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండు చేతులతో, అంచులు మాత్రమే పట్టుకున్నాడు.

"ఇది గీతలు పడితే? ఇంకోటి ఏమైనా తీయించావా?"

అడగాల్సిన ప్రశ్నే. మంచి మనసుతో అడిగినదే కావచ్చు. అయినా భానుప్రియ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. కింద ఆలిస్ ఆంటీ కుట్టుమిషను సొరుగులో, దారపు ఉండల అడుగున, రెండో సీడీ ఆమె వస్తూ వస్తూ దాచిపెట్టిన చోటే ఉంది.

"తీయించాను."

"ఎక్కడుంది?"

"బుట్టలో ఉందిలెండి" అంది భానుప్రియ.